మా బావ వాచీ, మా మిరపతోట ఆఖరి తడి

ఖరీదైన వాచీ పెట్టుకున్న చెయ్యి కనబడితే నాకు రోత పుడుతుంది. బస్సులో ఎవడో పైకమ్మీ పట్టుకుని నిలబడతాడు, చొక్కా చెయ్యి కిందికి జారుతుంది, మణికట్టు దగ్గర తట్టంత బిళ్ల ఒకటి తళుక్కుమంటుంది. నేను వెంటనే కిటికీ వైపు మొహం తిప్పుకుంటాను. కిటికీ సీటు దొరకని రోజున కళ్లు మూసుకుంటాను. మా ఆవిడ దీన్ని కుళ్లు అంటుంది. కుళ్లే కావచ్చు. కానీ కుళ్లుకి కూడా ఒక పుట్టినూరు, ఒక సర్వే నంబరు ఉంటాయి కదా. నా కుళ్లు కాలువ చివరి భూమిలో, మూడెకరాల మిరపతోటలో పుట్టింది.

మాదీ మా అత్తగారిదీ ఒకే ఊరు, మాచర్లకీ రెంటచింతలకీ మధ్యన. ఒకే ఊళ్లో పిల్లను చేసుకున్నవాడికి ఆమె అన్నదమ్ములు పెళ్లిళ్లకీ పేరంటాలకీ మాత్రమే కాదు, పొద్దున వేపపుల్ల నోట్లో ఉన్నప్పుడు కూడా ఎదురవుతారు. మా ఆవిడకు ఒక్కడే అన్న. ఒక్కడే అయినా పదిమంది పెట్టు. ఈ కథంతా అతని ఎడమచేతి గురించే.

మా పిల్లకాలువ కింద తొమ్మిదిమంది రైతులం. నీళ్లు వంతుల మీద వస్తాయి. వంతు అంటే గంటలు. ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫలానావాడి పొలానికి. వెనకటికి ఎవడి వాచీ వాడిదే. తొమ్మిది వాచీలు, తొమ్మిది టైములు, పద్దెనిమిది పార దెబ్బలు. ఆ రోజుల్లో మావాళ్లకు కుట్లు వేసీ వేసీ నరసరావుపేటలో దారం కరువొచ్చి, అక్కడి టైలర్లు జాకెట్లు కుట్టడం మానేశారని చెబుతారు. ఇలా లాభం లేదని పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. తూము దగ్గర ఒకే వాచీ. ఆ వాచీ కట్టుకున్న మనిషి 'అయింది' అంటే అయినట్టు, 'కాలేదు' అంటే కానట్టు. మిగతా ఎనిమిదిమందీ నోరు మూసుకోవాలి. దానికి నీళ్ల వాచీ అని పేరు పడింది.

ముప్పై ఏళ్లపాటు నీళ్ల వాచీ మా మామగారిది. రోజూ పొద్దున మజ్జిగ తాగి కీ ఇచ్చుకునేవాడు. అద్దం మీద గీతలు పడీ పడీ అందులో అంకెలు ఆయనకు తప్ప ఇంకెవరికీ కనిపించేవి కావు. పటకా తెగిపోతే పురికొస కట్టుకున్నాడు. ఆ చేత్తోనే గండి కొట్టాడు, ఆ చేత్తోనే ఎద్దుల్ని అదిలించాడు, ఆ చేత్తోనే ఇద్దరు ముగ్గుర్ని చెంప మీద కొట్టాడు కూడా. వాచీ ఆగలేదు. దాని ఖరీదెంతో ఎవరికీ తెలియదు; అడగాలని ఎవరికీ తోచలేదు. సెల్‌ఫోన్లు వచ్చాయి, తొమ్మిదిమంది జేబుల్లోనూ ఒకే టైము చూపించే యంత్రాలు వచ్చి కూర్చున్నాయి, అయినా నీళ్ల వాచీ ఆనవాయితీ కదల్లేదు. మావైపు ఒకసారి పెద్దలు తీర్మానించింది సూర్యుడు వచ్చి కాళ్లు పట్టుకున్నా మారదు.

మామగారు పోయాక ఆ పెద్దరికం కొడుక్కి వచ్చింది. మా బావకి జీవితంలో ఇష్టమైనవి మూడు: ఇస్త్రీ తెల్ల చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ, ఎవరైనా వచ్చి సలహా అడగడం. రేపో మాపో ఊరికి ఏదో ఒకటి అవుదామని పదేళ్లుగా తయారై కూర్చున్నాడు. తండ్రి వాచీ పురికొసతో సహా చేతికి రాగానే దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"నలుగురిలో చెయ్యెత్తితే సిగ్గుచేటు బావా," అన్నాడు. "ఇజయవాడ పోదాం, తోడు రా."

పోయాను. తోడు పోవడం నా మొదటి పాపం.

షాపు అద్దాల తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే మాఘమాసపు తెల్లవారుజామున కృష్ణలో మునిగినంత చలి. రెంటచింతల ఎండలో ఉడికి పెరిగిన ఒళ్లు మాది. నా పళ్లు టకటక కొట్టుకుంటుంటే అదేదో వాచీ చప్పుడనుకుని ఒకాయన ఇటు తిరిగి చూశాడు. తెల్ల చేతితొడుగులు వేసుకున్న అబ్బాయి నల్ల మఖ్మల్ పళ్లెంలో వాచీని పెట్టుకుని, పురిటి బిడ్డను తండ్రికి చూపించడానికి తెస్తున్నట్టు తెచ్చాడు. అది వాచీ అంటే నమ్మబుద్ధి కాలేదు. మా బండి చక్రానికి ఉండే బోల్టు అంత మందం ఉంది. అందులో ఒక చిన్న కిటికీ, కిటికీలోంచి లోపలి పళ్లచక్రాలు కనిపిస్తాయట. పేగులు కనిపించేలా పొట్టకు అద్దం పెట్టుకున్నట్టు.

"దీనికి బ్యాటరీ ఉండదు సార్," అన్నాడా అబ్బాయి. "కీ కూడా ఇవ్వక్కర్లేదు. మీ చెయ్యి కదులుతుంటే చాలు, దానంతట అదే నడుస్తుంది."

మా బావ ఛాతీ రెండంగుళాలు లేచింది. "చెయ్యి కదిల్తే చాలా? ఈ చెయ్యి కదిల్తే మా ఊళ్లో ఎంతమంది లేచి నిలబడతారో తెలుసా అబ్బాయ్?"

ఖరీదు లక్షా ఎనభై వేలు అన్నారు. మంచినీళ్లు అడిగితే కాఫీ ఇచ్చారు, అదీ ఉగ్గుగిన్నెలో.

"బావా, టైమే కదా చూసేది. సంతలో రెండొందలకి ఇచ్చేదీ అదే టైము చెప్పుద్ది," అన్నాను.

"టైము సంగతి కాదు బావా," అన్నాడు అతను నా వైపు చూడకుండానే. "నీళ్ల కాడ కూర్చునే చేతికి ఒక వజను ఉండొద్దూ?"

ఆ రోజు నుంచీ అతని ఎడమచెయ్యి చెయ్యిగా పనిచేయడం మానేసింది. కట్టు కట్టిన విరిగిన చెయ్యిలా అది ఒంటికి వేలాడేది, లేదా కుర్చీ చేతి మీద, దారిన పోయేవాళ్లకు కనిపించే వైపు, గుళ్లో ఉత్సవ విగ్రహంలా కొలువు తీరి ఉండేది. గోడకు తగులుతుందేమోనని ఇంట్లో పక్కకి తిరిగి నడిచేవాడు. ఆ చేతి మీద దోమ వాలితే తను కొట్టేవాడు కాదు. ఎవరినో పిలిచి, మెల్లగా ఊదించుకునేవాడు. ఊరికే పెట్టుకుంటే అరిగిపోతుందని మామూలు రోజుల్లో బీరువాలో, వాళ్లావిడ పట్టుచీర మడతలో దాచేవాడు. కాపురానికి వచ్చి పాతికేళ్లయినా తనకు ఆ మర్యాద జరగలేదని ఆమె మా ఆవిడతో అన్నదట.

ఇదంతా చూసి నేను నవ్వుకున్నాను. నా నవ్వు ఎంత కాలమో చెప్పాలంటే కాలువ కట్టేసే రోజు దాకా.

కాలువ కట్టేస్తారంటే అర్థం, ఆ సాయంత్రం నుంచి పొలాలకు చుక్క రాదు. నా మూడెకరాల కౌలు మిరపకి అదే ఆఖరి తడి. మొదటి కోత అయిపోయింది. రెండో కోత కాయ చెట్టు మీద పచ్చగా, నిండుగా వేలాడుతోంది. ఆ ఒక్క తడి అందితే కాయ ఎర్రగా, బరువుగా పండుతుంది. అందకపోతే తెల్లబోయి తాలు అవుతుంది. తాలు కాయను మిర్చి యార్డులో సంచి విప్పి చూసినవాడు మన మొహం కూడా చూడడు. ఆ రోజు వంతులు ఇలా ఉన్నాయి: ఆరు నుంచి పది దాకా నా పై పొలం రైతుది, పది నుంచి మూడు దాకా నాది. మూడింటికి కాలువ మీద గేట్లు దించే లస్కరు వచ్చి మూసేస్తాడు.

పది గంటలకు పార భుజాన వేసుకుని తూము దగ్గరికి పోయాను. తుమ్మచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో తెల్ల చొక్కా, కుర్చీ చేతి మీద ఎడమచెయ్యి. పొద్దున ఆరింటి నుంచీ అలాగే ఉన్నట్టుంది. చేతి మీద రెండు తుమ్మాకులు రాలి ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు రైతులు గట్టు మీద కూర్చుని ఉన్నారు.

"బావా, పదయింది. నీళ్లు మళ్లించమను," అన్నాను.

అతను చెయ్యి కదపకుండా కళ్లు మాత్రం దించాడు. "ఎనిమిది కూడా కాలా. తొందరేంది?"

"ఎనిమిదేంది బావా! ఇదిగో, ఫోన్ చూడు."

"నీ ఫోన్ కృష్ణ అవతలి ఒడ్డు టవర్‌ది పట్టుకుంటది. తెలంగాణ టైము మనకెందుకు?"

"తెలంగాణకి వేరే టైము యాడుంది బావా?"

"ఇడిపోయి ఇన్నేళ్లయింది. ఏమేం మార్చుకున్నారో మనకేం తెలుసు?"

గట్టు మీది తలలు ఆలోచనగా ఊగాయి. ఆ తలల్ని అక్కడికక్కడే కొబ్బరికాయల్లా కొట్టాలనిపించింది. ఇంతలో నా పై పొలం రైతు మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. వరసకు నన్ను మామా అంటాడు. మనిషి మంచివాడు, నీళ్లు తన పొలంలో పారుతున్నంతసేపు ఇంకా మంచివాడు.

"మామా, లచ్చా ఎనభై వేల వాచీ అబద్ధమాడుద్దా?" అన్నాడు. "నీ ఫోన్ ఎంతది, తొమ్మిది వేలా?"

అప్పుడు మా బావ తీర్పు చెప్పడానికి కుర్చీలోంచి లేచి, చెయ్యి చాపి, వాచీని నా ముక్కు మీదికి తెచ్చాడు. ఏడూ నలభై. సెకన్ల ముల్లు గానుగెద్దులా శ్రద్ధగా తిరుగుతోంది. ఆగిన వాచీ అయితే కాదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం నేను కూడా నా ఫోన్‌నే అనుమానించాను. అంత డబ్బు పెట్టినదాని ముందు మనిషి బుద్ధి అలా తోక ముడుస్తుంది. ఆ క్షణం గుర్తొచ్చినప్పుడు నాకు వాచీ మీద కంటే నా మీదే ఎక్కువ రోత.

నా నీడ నా కాళ్ల కిందికి వచ్చి చెప్పుల్లో దూరింది. అవతల పై పొలంలో నీళ్లు సాళ్లు నిండి, గట్లు దాటి, దారి మీద పడి, ఒక బాతు ఎక్కడి నుంచో వచ్చి ఈదడం మొదలుపెట్టింది. నా ఫోన్‌లో పన్నెండున్నర అయ్యేదాకా మా బావ వచ్చినవాడికల్లా ఆ చెయ్యెత్తి వాచీ చూపిస్తూ ఉండి, అప్పుడు, "పది. వదలండి," అన్నాడు.

వదిలారు. నేను సాలు తర్వాత సాలు మళ్లించుకుంటూ పరుగు పెట్టాను. ఆ రోజు నేను పరుగెత్తిన దూరానికి కాలినడకన హైదరాబాదు పోయి, బిర్యానీ తిని, తిరిగి రావచ్చు. సరిగ్గా సగం తోట తడిసేసరికి పైన కాలువ గట్టు మీద మోటార్‌సైకిల్ ఆగింది. లస్కరు.

"ఇంకో రెండు గంటలు ఆగన్నా," అని దణ్ణం పెట్టాను. "మా వాచీ ప్రకారం ఇంకా పన్నెండున్నరే."

అతను నన్ను జాలిగా చూశాడు. "మా ఏఈ గారికి గేటు మూసినట్టు ఫోటో పంపాలన్నా. ఫోటో మీద టైము పడుద్ది. నేనేం చెయ్యను?"

గేటు దిగింది. నా తోటలో తడిసిన సగం నల్లగా, తడవని సగం బూడిదగా, మధ్యలో గీత గీసినట్టు మిగిలాయి.

ఆ సాయంత్రం మా ఆవిడ తోట గట్టు మీద నిలబడి ఆ గీతను చానాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఏమయ్యా, నెత్తిన ఎండ మాడుతుంటే ఏడింటికీ పన్నెండింటికీ తేడా తెలవలేదా నీకు?" అంది.

మర్నాడు బావ ఇంటి ముందు నిలబడి గట్టిగానే అరిచాను. అతనూ అరిచాడు. వాచీ తప్పంటే తన తండ్రి తప్పన్నట్టు, తన తండ్రి తప్పంటే ఊరు తప్పన్నట్టు తేల్చాడు. "పద మాచర్ల. చూపిద్దాం. తప్పని తేలితే అక్కడే కాలవలో పారేస్తా," అన్నాడు. నేను బండి తీశాను. వెనక కూర్చుని వాచీ ఉన్న చెయ్యి నా భుజం మీద వేశాడు. మా రోడ్డు సంగతి తెలియనివాళ్లకు చెబుతున్నాను: ఆ గుంతల్లో పాలక్యాను తీసుకుపోతే మాచర్ల చేరేసరికి వెన్న తీసుకోవచ్చు.

మాచర్ల బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసే భాయ్ ఒకడు ఉన్నాడు. బీరువా అరంత కొట్టు, కంటికి ఒక భూతద్దం. ముప్పై ఏళ్లుగా పల్నాడు మొత్తం టైము అతని చేతుల్లోనే ఉంది. వాచీని అందుకుని, వెనక్కి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, తన ఫోన్ పక్కన పెట్టి సెకన్ల ముల్లు పరుగును కాసేపు చూశాడు.

"బ్రహ్మాండంగా నడుస్తోంది సార్. ఏం రోగం లేదు," అన్నాడు.

మా బావ నావైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు అక్కడికక్కడే జ్వరం తగిలింది. "ఇన్నావా బావా?"

భాయ్ మాత్రం భూతద్దం తీయలేదు. "సార్ ఏం పని చేస్తారు?" అని అడిగాడు.

"పనా?" మా బావకి నిజంగానే ఆ మాట అర్థం కాలేదు. "నేను చెయ్యడమేంది? చేయిస్తా."

"అదీ సంగతి," అన్నాడు భాయ్. "ఇది చేతి ఊపుతో తిరిగే వాచీ సార్. చెయ్యి ఆడితే లోపల ఒక పలక అటూ ఇటూ ఊగి దీనికి కీ ఎక్కిస్తది. చెయ్యి ఆడకపోతే దీనికి తిండి లేదు. బీరువాలో పెడితే ఉపాసం. కుర్చీ మీద పెట్టినా ఉపాసమే. ఆగిపోద్ది. మళ్లీ ఎవరికో చూపిద్దామని చెయ్యి ఎత్తారనుకోండి, ఆగిన కాడి నుంచి మొదలుపెడతది. చూసినోడికి నడుస్తున్నట్టే ఉంటది."

నాకు తుమ్మచెట్టు కింది చెయ్యి, దాని మీది రెండాకులు, నా ముక్కు మీదికి వచ్చిన సెకన్ల ముల్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి.

"ఇప్పుడు బాగా నడుస్తోంది కదా," అన్నాడు మా బావ, గొంతు తగ్గించి.

"బండి మీద వచ్చారు కదా సార్. మన రోడ్లకి చచ్చినోడి చేతికి కట్టినా నడుస్తది." భాయ్ వాచీని తిరిగి ఇచ్చాడు. "కొన్నారు కాబట్టి చెబుతున్నా. రోజూ పెట్టుకోండి, పని చెయ్యండి. పొలంలో కూలోడి చేతికి కట్టారంటే నూరేళ్లు ఆగదు. కాకపోతే కూలోడు కొనలేడు, కొన్నోడు చెయ్యి కదపడు. నా కొట్టు నడిచేది దీని మీదే."

"మరి నీ చేతికి వాచీ ఏది భాయ్?" అని నేను అడిగాను. అతని రెండు మణికట్లూ బోసిగా ఉన్నాయి.

"టైముకి ఫోనుంది కదన్నా," అన్నాడు. డబ్బులు తీసుకోలేదు, చేసిన పనేమీ లేదన్నాడు.

అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. తిరుగు దారిలో కాలవ వచ్చినా మా బావ వాచీని అందులో పారేయలేదు. కానీ ఊరు దగ్గర పడుతుంటే, "బోరు నుంచి పైపులేస్తాలే బావా," అని నా వీపుకి చెప్పాడు. నా పొలం పక్కనే అతనికి బోరుంది. ఐదారు గంటల పగటి కరెంటు ఇస్తే నా సగం తోట తడిసిపోతుంది. మాట వచ్చేసింది, పని అయిపోయినట్టే. కానీ నాకున్న జబ్బు నాలుక మీద ఉంది. మర్నాడు పొద్దున టీ బంకు దగ్గర నలుగురు కనిపించేసరికి అది దురద పెట్టింది.

భాయ్ చెప్పింది చెప్పినట్టు చెప్పినా సరిపోయేది. నేను దానికి కొమ్ములు పెట్టాను, తోక పెట్టాను, రంగేసి మెడలో గంట కట్టాను. మా బావ చేతికి ఆ వాచీ కట్టి చూసి, మనిషి పోయి మూడు రోజులైందని భాయ్ నిర్ధారించాడన్నాను. ఇకనుంచి తూము దగ్గర ఆయన చేతిని ఉయ్యాల ఊపడానికి ఉపాధి హామీ కింద ఇద్దరిని పెడతారన్నాను. బంకు నవ్వింది. బెంచీ మీద ఒకాయనకు టీ ముక్కులోకి పోయింది. ఆ నవ్వు నాకంటే ముందే ఊళ్లోకి నడిచి, మధ్యాహ్నానికల్లా మా బావ కుర్చీ ముందుకు పోయి నిలబడింది.

బోరు మాట మళ్లీ వినపడలేదు. ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను. నాలుగో రోజుకి తడవని సగంలో మిరప ఆకులు మధ్యాహ్నానికల్లా తలలు వేలాడేశాయి. పూత రాలి మట్టి మీద పేలాల్లా పడింది. కొన్ని కాయలు తొడిమ దగ్గర ముడత పడ్డాయి. అటు వైపు బోరు షెడ్డుకు తాళం. మా ఆవిడ అన్న ఇంటికి పోయి గంటసేపు కూర్చుని వచ్చింది.

"ఏమంటాడు?" అన్నాను.

"ఇస్తాడంట. తొమ్మిది మందీ ఉన్నప్పుడు నువ్వు చెప్పాల. వాచీ కరెక్టే, నేనే ఆలీసంగా వచ్చా, అని."

"ఏమే, నేను అబద్ధం చెప్పాలా?"

"బంకు కాడ చెప్పింది అంతా నిజమేనా?" అంది. "పోయి చెప్పు. ఆ ముక్కకి నీ నాలికేం అరగదు. కాయ పోతే మాత్రం ఏడాదంతా మన్ను తినాల."

పోయాను. తూము దగ్గరే పెట్టించాడు మా బావ. నీళ్లు లేని తూము, అదే కుర్చీ, అదే చెయ్యి. మిగతా ఏడుగురూ వచ్చారు, బంకు దగ్గర టీ ముక్కులోకి పోయినాయనతో సహా. నేను నిలబడ్డాను. జీవితంలో పది మందిని నవ్వించడానికి నిలబడ్డానే గానీ, ఇలా ఎప్పుడూ నిలబడలేదు.

"వాచీ కరెక్టే," అన్నాను. "ఆ రోజు నేనే ఆలస్యంగా వచ్చా."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండును. అందరూ తెలిసినవాళ్లే, అందరూ ఆ రోజు ఎండ చూసినవాళ్లే, అయినా ఒక్కొక్కరే తల ఊపారు. ఆ తల ఊపడం చూస్తుంటే, పాచిపోయిన పప్పులో చెయ్యి పెట్టినట్టనిపించింది. నేను కూడా ఆ పప్పులోనే ఉన్నాను. మా బావ వెంటనే తాళం చెవులు నా చేతిలో పెట్టాడు, కుడిచేత్తో.

అరగంటలో పైపులు వేశాం. మోటారు వేయగానే బోరు దగ్గి, ఉమ్మి, నీళ్లు కక్కింది. మిరప మొదళ్లలో మట్టి చుయ్యిమంది. నేను వంగి సాళ్లకు గండ్లు కొడుతూ పోయాను. మా బావ కుర్చీని షెడ్డు నీడలోకి వేయించుకుని, మోటారు స్విచ్చి పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడు దాటింది. ఇంకా పదకొండు సాళ్లు మిగిలాయి.

అప్పుడు వచ్చాడు నా పై పొలం రైతు. తలకు నూనె రాసి, లుంగీ బదులు ఉతికిన ప్యాంటు తొడిగి, ప్రయాణానికి తయారై ఉన్నాడు. గట్టు మీద నా పక్కగా కూర్చున్నాడు.

"మామా, నువ్వు అంత పెద్ద మాట అందరి ముందూ చెప్పావు కాబట్టి అడుగుతున్నా," అన్నాడు. "ఆ వాచీ నిజంగా అంత కరెక్టా?"

నేను పార ఆపాను. "ఎందుకురా?"

"నేనూ ఒకటి తీసుకుందామని. అంత పెద్దది కాదులే, ఉన్నదాంట్లో. ఈసారి మొదటి కోతకి మంచి రేటు వచ్చింది. మా ఆడోళ్లు రెండు గేదెలు కొందామని గోల. నిజమే, గేదెలొస్తాయి. కానీ గేదెల్ని చేతికి కట్టుకుని నలుగురిలోకి పోలేం కదా మామా." తనే నవ్వాడు. "నాలుగింటి బస్సుకి ఇజయవాడ పోతన్నా. నువ్వు ఆ షాపు చూశావు కదా. కొనమంటావా, వద్దంటావా? ఒక్క మాట చెప్పు."

షెడ్డు వైపు చూశాను. మా బావ ఇటే చూస్తున్నాడు. ఇరవై గజాల దూరం. అతనికి చెవులు బాగా పనిచేస్తాయి. స్విచ్చికీ అతని కుడిచేతికీ మధ్య ఒక బారెడు. ఇటు పదకొండు సాళ్లు, ఒక్కో సాలులో కాయ నిండుగా వేలాడే చెట్లు.

"రేపు పోరాదూ? తీరిగ్గా మాట్లాడుకుందాం," అన్నాను.

"ఆఫరు ఇయ్యాల్టితో ఆఖరంట మామా."

గేదెలు కొనుక్కోరా అన్న రెండు ముక్కలు నా నోట్లోనే ఉన్నాయి. టీ బంకు దగ్గర అడగకుండా ఇరవై ముక్కలు పారేసిన నోరది.

"నీ ఇష్టంరా," అన్నాను.

దాన్ని అతను దీవెనగా తీసుకున్నాడు. ప్యాంటు దులుపుకుని, వాచీ కట్టుకునే చోటు ఒకసారి తడుముకుని, రోడ్డు వైపు నడిచాడు. నేను వంగి తర్వాతి సాలుకి గండి కొట్టాను.